గాల్ బ్లాడర్ తీసేసినంక మోషన్స్ ఆగట్లేదు, జీవితమంతా మజ్జిగన్నమేనా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నాకు 47 ఏండ్లు, మిర్యాలగూడల రైస్ మిల్లుల గుమస్తాగ చేస్తున్న, ఊరికెల్లి రోజు బస్సుల వచ్చి పోత. ఎనిమిది నెలల కింద గాల్ బ్లాడర్ల రాళ్ళున్నయని ల్యాపరోస్కోపీ చేసి తీసేసిన్రు. ఆ నొప్పి మళ్ళ రాలే, కని అప్పటిసంది పొద్దుగాల చాయ్ తాగి టిఫిన్ తిన్ననంటే అర్ధగంటల రెండు మూడు సార్లు సండాస్‌కు ఉరకాలె, పసుపుపచ్చగ నీళ్ళ లెక్క పోతది, మంట పుడ్తది. కడుపుబ్బరం, పుల్లటి తేన్పులు కూడా ఉన్నయ్. షుగర్ ఆరేండ్లసంది ఉంది, మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలు వేసుకునేటోన్ని, మూడు నెలల కింద షుగర్ పెరిగిందని 1000 చేసిన్రు, అప్పటిసంది మోషన్స్ ఇంక ఎక్కువైనయ్. గ్యాస్ గోలీ రోజు వేసుకుంట. నూనె, కారం, మాంసం అన్ని బంద్ పెట్టి మూడు పూటలా మజ్జిగన్నమే తింటున్న, ఆరు కిలోలు తగ్గిన. అరికాళ్ళల్ల తిమ్మిర్లు. మా అత్తగారి ఊర్ల పసరు పోస్తరు పోదాం అంటున్నరు. లివర్ ఏమన్న ఖరాబైందా? రాళ్ళు మళ్ళ వస్తయా? గాల్ బ్లాడర్ లేనోళ్ళు గిట్లనే బతకాల్నా?

డాక్టర్ సలహా: నమస్తే అన్నా. మీరు రాసిన దాన్ని బట్టి లివర్ ఖరాబైనట్టు చెప్పే గుర్తు ఒక్కటి కూడా కనపడ్తలేదు, అయినా ఒక చిన్న రక్త పరీక్ష చేయించుకుంటే మనసు నిమ్మళమైతది. జీవితాంతం మజ్జిగన్నం అన్న మాటైతే ఎవరు చెప్పిన్రో కానీ, దాన్ని ఇయ్యాల్టి నుంచే పక్కన పెట్టండి. మీ బాధల సగమే ఆపరేషన్‌ది, మిగతా సగం ఆ పథ్యం తెచ్చిపెట్టింది, ఎట్లనో చెప్తా.

పైత్యరసాన్ని, అంటే తిన్న కొవ్వును అరిగించే రసాన్ని, తయారు చేసేది లివర్, గాల్ బ్లాడర్ కాదు. లివర్ రోజుకి దగ్గర దగ్గర 600 మిల్లీలీటర్ల నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తది, గాల్ బ్లాడర్ పట్టేదే 30 నుంచి 50 మిల్లీలీటర్లు. అది ఇంటి మీది ట్యాంకు అనుకోండి, ట్యాంకు తీసేసినా బోరు నడుస్తనే ఉంటది, కాకపోతే నీళ్ళు దాచుకునే జాగ లేక సన్నగా ఎప్పుడూ కారుతనే ఉంటయ్. అట్లనే ఇప్పుడు మీకు తిన్నా తినకున్నా, రాత్రి నిద్రల ఉన్నా, పైత్యరసం చిన్న పేగులోకి కారుతనే ఉంటది. మామూలుగా ఈ రసంలో ఉండే ఆమ్లాలను 95 శాతం దాకా చిన్న పేగు చివరి భాగం మళ్ళీ పీల్చుకొని లివర్‌కు వాపస్ పంపుతది. కొందరిలో అంతా పీల్చుకోలేక మిగిలింది పెద్ద పేగులోకి జారుతది, అది అక్కడ నీళ్ళు ఊరేటట్టు చేస్తది, పేగును తొందర పెడ్తది. రాత్రంతా జమ అయిన రసానికి పొద్దున చాయ్, టిఫిన్ తోడైతే, ఏదన్నా కడుపులో పడంగనే పేగు కదిలే గుణం మనందరికీ ఉన్నదే గదా, ఇగ సండాస్‌కు ఉరుకుడే. పసుపు రంగు, మంట, పొద్దున తిన్నంక అర్ధగంట, మీరు రాసిందంతా దీనికే సరిపోతది. ఆపరేషన్ అయినోళ్ళలో పది మందికి ఒకరిద్దరికి ఈ ఇబ్బంది వస్తది, చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే సర్దుకుంటది. ఎనిమిది నెలలైనా తగ్గలేదంటే ఊరుకోవద్దు, మందు వాడాలె.

ఇప్పుడు పథ్యం సంగతి. మోషన్స్ అయితున్నయని మీరు అన్ని బంద్ పెట్టి మూడు పూటలా తెల్లన్నం పట్టుకున్నరు. షుగర్ ఉన్న మనిషి మూడు పూటలా పలుచటి తెల్లన్నమే తింటే, పప్పు లేదు కూర లేదు గుడ్డు లేదు, షుగర్ ఏమైతది? పెరుగుతది. పెరిగింది. డాక్టర్ మెట్‌ఫార్మిన్ డబుల్ చేసిన్రు, ఆయనకు మీ పథ్యం సంగతి మీరు చెప్పి ఉండరు అనుకుంట. మెట్‌ఫార్మిన్‌కు ఉన్న పెద్ద చెడ్డపేరే లూజ్ మోషన్స్, కడుపుబ్బరం. పైగా పేగు పైత్యరసాన్ని మళ్ళీ పీల్చుకునే పనిని కూడా అది కొంత తగ్గిస్తది, అంటే ఆపరేషన్ చేసిన పనినే ఈ గోలీ కూడా చేస్తున్నట్టు. మోషన్స్ ఇంకా పెరిగినయ్, మీరేమో ఆపరేషన్‌నే తిట్టుకొని పథ్యం ఇంకా గట్టిగ చేసిన్రు, బరువు తగ్గింది. ఓపీకి ఇట్లాంటోళ్ళు వస్తనే ఉంటరు, కాగితాలన్నీ ఉంటయ్ కానీ ఏం తింటున్నరో అడిగినంక గానీ కథ బయటికి రాదు.

అట్లని మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపొద్దు, అది మంచి మందు. మీ షుగర్ డాక్టర్ దగ్గరికి పోయి ఈ సంగతి మొత్తం చెప్పండి, మెల్లమెల్లగా విడుదలయ్యే రకం గోలీ ఉంటది, అన్నం తిన్నంక వేసుకుంటే కడుపును అంతగా ఇబ్బంది పెట్టదు, లేదంటే డోసు తగ్గించి ఇంకో మందు కలుపుతరు. మీ తిండి మారితే పాత డోసే సరిపోవచ్చు కూడా.

పైత్యరసం మోషన్స్‌కు కొలెస్టిరమైన్ అని పౌడర్ ప్యాకెట్ వస్తది, నీళ్ళల్ల కలుపుకొని తాగాలె, రుచి ఇసుక తాగినట్టే ఉంటది, ముందే చెప్తున్న. మామూలుగా రోజుకి 4 గ్రాముల ఒక ప్యాకెట్‌తో మొదలు పెడ్తరు. అది పేగులో పైత్యరసం ఆమ్లాలను పట్టుకొని బయటికి తీసుకపోతది, పెద్ద పేగు జోలికి పోనియ్యది. చానామందికి కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తది, తెలిసిందంటే రోగం అదే అని కూడా రుజువైనట్టే, అందుకే మన దగ్గర పెద్ద టెస్టుల కన్నా మందు వాడి చూసుడే ఎక్కువ. ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు: ఇది పైత్యరసాన్నే కాదు వేరే గోలీలను కూడా పట్టేసుకుంటది. షుగర్ గోలీ గానీ బీపీ, థైరాయిడ్ గోలీ గానీ ఏదైనా దీనికి గంట ముందు వేసుకోవాలె, లేకుంటే దీని తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలె. డోసు ఎక్కువైతే మలబద్ధకం వస్తది, అప్పుడు తగ్గించుకోవచ్చు. కొలెసెవెలామ్ అని ఇదే జాతి గోలీ ఇంకోటుంది, అది షుగర్‌ను కూడా కొంచెం తగ్గిస్తది కాబట్టి మీలాంటోళ్ళకు రెండిందాల పనికొస్తది, దొరికితే డాక్టర్‌ను అడగండి. ఇవి మెడికల్ షాపుల అడిగి తెచ్చుకునే మందులు కావు, చీటీ మీదనే.

బస్సు సంగతికొస్తే, మోషన్ గురించి సగం భయం బస్సు భయమే. ఏదన్నా తప్పని ప్రయాణం ఉన్న రోజు లోపెరమైడ్ 2 మిల్లీగ్రాముల గోలీ ఒకటి బయలుదేరే ముందు వేసుకుంటే ఇబ్బంది లేదు. జ్వరం ఉన్నప్పుడు, మోషన్లో రక్తం గానీ జిగురు గానీ పడుతున్నప్పుడు మాత్రం ముట్టొద్దు. రోజూ అలవాటు చేసుకునేది కూడా కాదు.

గ్యాస్ గోలీ గురించి ఒక మాట, కొంచెం కోపంతోనే అంటున్న, మీ మీద కాదు. ఆపరేషన్ అయిన ప్రతి మనిషి చీటీలో పాంటాప్రజోల్ అనే ఈ గ్యాస్ గోలీ రాస్తరు, ఎప్పుడు ఆపాలో రాయరు, మనోళ్ళు ఏండ్ల తరబడి మింగుతనే ఉంటరు. పుల్లటి తేన్పులు నిజంగా ఉంటే కొన్ని వారాలు వాడి చూడాలె, తగ్గకుంటే ఎండోస్కోపీ చేయించుకోవాలె, ఎందుకంటే గాల్ బ్లాడర్ తీసినంక కొందరిలో పైత్యరసం వెనక్కి కడుపులోకి ఎగదన్నుతది, దానికి ఈ గోలీ అంతగా పని చెయ్యది. ఇంకో సంగతి, మెట్‌ఫార్మిన్, గ్యాస్ గోలీ రెండూ ఏండ్ల తరబడి వాడితే ఒంట్లో విటమిన్ బీ12 తగ్గిస్తయ్. మీరు తిమ్మిర్లు అని రాసిన్రు గదా, షుగర్ నరాలదే అని వదిలెయ్యకండి, బీ12 ఒకసారి చూపించుకోండి.

తిండి. నూనె పూర్తిగా బంద్ చెయ్యొద్దు, ఒకేసారి ఎక్కువ పడకుండా చూసుకోండి, అంతే. పల్లి నూనెనా రిఫైండా అని అందరూ అడుగుతరు, ఏ నూనె అన్నది అంత పెద్ద ముచ్చట కాదు, నెలకు మనిషికి అర లీటరు దాటకుండా ఉంటే చాలు. పొద్దున పరిగడుపున పాల చాయ్ ఆపి చూడండి కొన్ని రోజులు, మీకు ఇదే అన్నిటికన్నా కష్టం అనిపిస్తదని తెలుసు, కానీ చాయ్‌ల ఉండే కెఫీన్, పాలు రెండూ పేగును లేపేటియే. టిఫిన్ తిన్నంక సగం కప్పు తాగండి కావాలంటే. పూరీలు, వడలు, మిర్చి బజ్జీలు పొద్దున పూట అసలే వద్దు, ఇడ్లీ గానీ ఉప్మా గానీ గుడ్డు గానీ తక్కువ నూనెతో మంచిది. మధ్యాహ్నం అన్నం తగ్గించి పప్పు, ఆనిగెపు కాయ, బీరకాయ లాంటివి పెట్టుకోండి. రాత్రికి మహబూబ్‌నగర్ దిక్కు తిన్నట్టు జొన్న రొట్టె తినండి, షుగర్‌కు మంచిది, ఒకటితో మొదలు పెట్టి మెల్లగా పెంచండి, ఎందుకంటే చానా రోజులు పలుచటి తిండి తిన్న పేగుకు ఒక్కసారే మూడు జొన్న రొట్టెలు వేస్తే ఉబ్బుతది. ఈసబ్గోల్ ఒక చెంచా నీళ్ళల్ల కలిపి రాత్రి తాగితే మోషన్ కొంచెం గట్టిపడ్తది. అది మలబద్ధకానికి గదా అంటరు, రెండిటికీ పనికొస్తది, నీళ్ళను పట్టి ఉంచే గుణం దానిది.

మాంసం? తినండి. చికెన్ తోలు తీసేసి, మటన్ కొవ్వు లేకుండా, నూనె తేలకుండా, ఆదివారం నాడు మధ్యాహ్నం ఒక నాలుగు ముక్కలు. తలకాయ కూర, బోటి మాత్రం ఇప్పుడప్పుడే వద్దు, మోషన్స్ కుదుటపడ్డంక కొంచెం రుచి చూడండి, పడితే పడ్తది. రాత్రి పదింటికి దావత్‌లో కడుపు నిండ బిర్యానీ తిని తెల్లారి పొద్దుగాల బస్సెక్కుడు అంటే నేనేం చెయ్యలేను. మందు, కల్లు గురించి మీరు అడగలే, నేనే చెప్తున్న, షుగర్ గోలీలు వాడుతూ కడుపు ఇట్లున్నప్పుడు వద్దు.

పసరు మాట. కామెర్లకు గానీ కడుపుకు గానీ పసరు జోలికి పోకండి. కారణం చెప్తా, మీ రాళ్ళ ప్రశ్నకు జవాబు కూడా దీంట్లనే ఉంది. గాల్ బ్లాడర్ పోయింది కాబట్టి దాంట్ల రాళ్ళు మళ్ళ రావు, కానీ లివర్ నుంచి పేగుకు పోయే పైత్యరసం గొట్టంలో, ఆపరేషన్ ముందే జారి మిగిలిపోయిన రాయి ఉండొచ్చు, ఎప్పుడో ఒకసారి కొత్తది కూడా తయారు కావచ్చు. అది అడ్డం పడితే పొట్ట పైభాగంలో నొప్పి లేసి వీపు దాకా పోతది, చలి పెట్టి జ్వరం వస్తది, కండ్లు పచ్చబడ్తయ్, మూత్రం చాయ్ డికాషన్ రంగుల వస్తది, మోషన్ తెల్లగ సున్నం రంగుల పోతది. ఊర్ల పసిరికలు, అంటే కామెర్లు, అని పసరు పోయించి నాలుగైదు రోజులు ఆగితే ఆ గొట్టంలో చీము పట్టి ప్రాణం మీదికి వస్తది. ఈ గుర్తులు ఏది కనపడ్డా అదే రోజు, రాత్రైనా సరే, పెద్దాసుపత్రికి పోవాలె. ఎండోస్కోపీ లాంటి గొట్టం వేసి ఈఆర్‌సీపీ అనే పద్ధతిల ఆ రాయిని తీసేస్తరు, చానా వరకు మళ్ళ కోత పెట్టే అవసరం ఉండది. కొండపిండాకు కషాయం ఎవరన్నా చెప్తే, వాళ్ళు చెప్పేది కిడ్నీ రాళ్ళ సంగతి, దీనికీ దానికీ సంబంధం లేదు.

మీకు ఇప్పుడు అట్లాంటి గుర్తులు లేవు కాబట్టి తొందర పడాల్సింది లేదు, కానీ ఆరు కిలోలు తగ్గిన్రు అంటే ఊరికే పథ్యం అనుకొని నేను ఇక్కడి నుంచి తేల్చలేను. నల్లగొండ సర్కారు పెద్దాసుపత్రిలో అయినా సరే, మీకు ఆపరేషన్ చేసిన దగ్గరైనా సరే, లివర్ పరీక్ష, రక్తం ఎంతుందో, థైరాయిడ్, మూడు నెలల షుగర్ సగటు, బీ12, పొట్ట స్కానింగ్ చేయించుకోండి. స్కానింగ్‌ల గొట్టం వెడల్పుగ ఉందంటే, లేదా లివర్ పరీక్ష తేడా వస్తే, ఎంఆర్‌సీపీ అని ఇంకో స్కానింగ్ రాస్తరు, అన్నీ బాగుంటే దాని అవసరం లేదు. మోషన్లో రక్తం పడుతున్నా, తిండి సరిగ్గ తింటున్నా బరువు తగ్గుతనే ఉన్నా, రాత్రి నిద్రల నుంచి లేపి మరీ మోషన్ అయితున్నా, మీ వయసుకు కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్ద పేగు చూసే పరీక్ష, కూడా చేయించాలె, సిగ్గు పడొద్దు.

పోయేటప్పుడు డిశ్చార్జ్ కాగితంతో పాటు తీసేసిన గాల్ బ్లాడర్ బయాప్సీ రిపోర్టు కూడా తీస్కపొండి. చాలామంది రాళ్ళ డబ్బీని ఇంట్ల జాగ్రత్తగ దాచుకుంటరు కానీ ఆ రిపోర్టు తెచ్చుకోనే తెచ్చుకోరు. ఎప్పుడో ఒకరికి దాంట్ల క్యాన్సర్ గుర్తులు బయట పడ్తయ్, అందుకే ఆ ముక్కను ల్యాబుకు పంపుతరు. మీ దగ్గర లేకుంటే ఆపరేషన్ అయిన చోట అడిగి నకలు తీసుకోండి, మీ పేషెంట్ నంబర్ డిశ్చార్జ్ కాగితం మీదనే ఉంటది.