టికింటర్‌లో రెండు టెక్స్ట్ పెట్టెల మధ్య పట్టీని జరుపుకోవాలంటే

పైథాన్‌లో విండోలు తయారుచేసే టికింటర్‌లో రెండు టెక్స్ట్ పెట్టెలు పక్కపక్కన పెట్టానని, విండోను చిన్నది చేస్తే కుడివైపుది కనబడకుండా పోతోందని మీరు రాశారు. రెండింటి మధ్య పట్టీని మౌసుతో జరుపుకొనే దారి అడిగారు. ఆ పని చేసేది పేన్డ్‌విండో, అంటే విండోను జరుపుకోదగ్గ పట్టీతో పలకలుగా విడగొట్టే విడ్జెట్ (విండోలో పెట్టే భాగం). నేనూ ఈ చిక్కులో వారం రోజులు కొట్టుకున్నాను.

విజయవాడ గవర్నరుపేటలో డీటీపీ చేసే మిత్రుడికి ప్రూఫులు దిద్దే అప్లికేషన్ రాసిచ్చాను. ఎడమవైపు పాత పుస్తకం నుంచి స్కాన్ చేసి తీసిన పాఠం, కుడివైపు దిద్దుతున్న పాఠం. అక్కడ ప్రూఫులు చూసే మాస్టారు రిటైరైన తెలుగు పండితులు. వారి చిన్న తెర మీద కుడివైపు వాక్యం సగమే కనబడేది.

అసలు కారణం టెక్స్ట్ విడ్జెట్టే. వెడల్పు చెప్పకపోతే అది 80 అక్షరాల చోటు కోరుతుంది. రెండూ కలిస్తే 160. విడ్జెట్లను వరుసగా అమర్చే ప్యాక్ మొదటిదానికి అడిగినంతా ఇచ్చి, మిగిలింది రెండోదానికి విదిలిస్తుంది. అందుకని రెండింటికీ విడ్త్ 1 అని రాయండి. పలకలు సన్నబడతాయని భయం వద్దు, ఉన్న చోటును పంచే పని పేన్డ్‌విండో చూసుకుంటుంది.

ఈ పేన్డ్‌విండోలు రెండు రకాలు. టికింటర్‌లోని కొత్త విడ్జెట్ల సెట్టు టీటీకేలోది నాజూకుగా ఉంటుంది, ఒక్కో పలకకు ఇచ్చిన వెయిట్ (వంతు)ను బట్టి చోటు పంచుతుంది. కానీ పలకకు కనీస వెడల్పు చెప్పే వీలు అందులో లేదు. పాత టీకేలోదానికి మిన్‌సైజ్ ఉంది. నా ఓటు పాతదానికే. ఒకరోజు మాస్టారు పట్టీని కుడి అంచుదాకా లాగేసి, దిద్దిందంతా పోయిందని వణుకుతున్న గొంతుతో ఫోను చేశారు. పాఠం భద్రంగానే ఉంది, పలక వెడల్పే సున్నా అయింది. మిన్‌సైజ్ 250 పిక్సెళ్లు పెట్టాక మళ్లీ అలా జరగలేదు. పట్టీ కంటికి ఆనాలంటే దాని వెడల్పుకు సాష్‌విడ్త్ 8, ఉబ్బెత్తుగా కనబడేందుకు సాష్‌రిలీఫ్ రైజ్డ్ ఇవ్వండి. రెండు పలకలకూ స్ట్రెచ్ ఆల్వేస్ అని చెప్పడం మరవకండి; చెప్పకపోతే విండో పెరిగినా తరిగినా ఆ మార్పంతా చివరి పలక మీదే పడుతుంది.

ఒక్కో టెక్స్ట్‌ను దాని స్క్రోల్‌బార్‌తో కలిపి ఒక ఫ్రేములో పెట్టండి. ఆ ఫ్రేముకు పేరెంటుగా పేన్డ్‌విండోనే ఇవ్వాలి. ముందు స్క్రోల్‌బార్‌ను ప్యాక్ చేసి తర్వాత టెక్స్ట్‌ను చేయండి, లేకపోతే పలక ఇరుకైనప్పుడు స్క్రోల్‌బారే ముందు మాయమవుతుంది.

పెద్ద పుస్తకం తెరిచినప్పుడు మా పట్టీ తడబడుతూ కదిలేది. పేన్డ్‌విండోకు ఓపేక్‌రీసైజ్‌ను ఫాల్స్ చేస్తే లాగుతున్నంతసేపూ గీత ఒక్కటే కదులుతుంది, వదిలాకే పాఠం సర్దుకుంటుంది. పట్టీ చోటును దాచుకోవాలంటే పిక్సెళ్లలో కాక, మొత్తం వెడల్పులో ఎంత వంతు అన్నది దాచండి. తిరిగి పెట్టేది విండో తెర మీదికి వచ్చాకే. అంతకుముందు పెడితే నిలవదు.

తెలుగు పాఠమైతే, మాటల మధ్యే వరుస విరిచే ర్యాప్ వర్డ్‌తో పాటు వరుసల మధ్య ఎడం పెంచే స్పేసింగ్2కి, స్పేసింగ్3కి 4 చొప్పున ఇచ్చి చూడండి, పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగలకుండా విడిగా కనబడతాయి.