తుంగభద్ర ఒడ్డున ఆరు ఇళ్లు, ఆరు పెరళ్లు

అన్నా, కర్నూలులో తుంగభద్ర ఒడ్డున మీరు కట్టబోయే ఆరు ఇళ్లూ ఒకే అచ్చులా ఉన్నాయనీ, పెరళ్లకు చాటు లేదనీ అన్నారు కదా. అన్నీ ఒకే గీత మీద కడితే పక్కవాళ్ల మిద్దె నుంచి మీ పెరడు కనబడక తప్పదు. ఒకటి విడిచి ఒకటి ఆరేడు అడుగులు వెనక్కి జరపండి. వెనక్కి జరిగిన ఇంటి పక్కగోడే పక్కింటి పెరడుకు చాటు అవుతుంది, దానికి కిటికీలు మాత్రం వద్దు. ఒకే అచ్చులా ఉన్నాయన్న మీ బాధా తీరుతుంది. కర్నూలు ఒడ్డుకు నది ఉత్తరాన కదా, వరండా అటే పెట్టండి, మధ్యాహ్నం ఎండ బాధ తక్కువ. నేలకు బేతంచెర్ల బండలు చాలు. నున్నటి టైల్స్ తడిస్తే జారతాయి.

అన్నట్టు, 2009 అక్టోబరు వరదకు అక్కడ నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అడిగారా? పునాది ఎత్తు తేలేది దాంతోనే. నది హద్దు నుంచి ఎంత వదలాలో ప్లాన్ గీయకముందే కార్పొరేషన్‌లో కనుక్కోండి.