అధికోత్పత్తి ఎవరు చేశారు?

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

తోతాపురి మామిడి మీద నీవు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. దామలచెరువు మండీ వర్ణన చక్కగా కుదిరింది, దానిని కదిలించవద్దు. నేను ఆగిపోయింది రెండో పేరాలోని ఈ వాక్యం దగ్గర: ‘రైతులు అధికోత్పత్తి చేయడంతో 2025లో ధర పడిపోయింది.’

నాయనా, ‘అధికం’ అన్న మాట ఒంటరిగా నిలవదు. దేనికన్నా అధికమో వాక్యంలోనో దాని పక్కనో తెలియాలి. థైరాయిడ్ గ్రంథి హార్మోన్‌ను అధికంగా ఉత్పత్తి చేస్తోందని వైద్యుడు చెప్పినప్పుడు శరీరపు అవసరమే కొలత. బట్టల మిల్లు అధికోత్పత్తి చేసిందంటే మార్కెట్ కొనగలిగినంత అన్నది కొలత. పైగా యంత్రాలను ఆపే వీలుండి కూడా ఆపలేదు గనుక ‘చేసింది’ అన్న క్రియ న్యాయంగానే ఆ యజమాని మీద నిలుస్తుంది.

మామిడి రైతుకు ఆ వీలు లేదు. ఏనాడో నాటిన చెట్టు ఒక ఏడు కొమ్మలు వంగేలా కాయవచ్చు, మరో ఏడు పలచబడవచ్చు. పూత నిలవడమూ రాలడమూ చాలావరకు వాన, మంచు, ఎండల చేతిలో ఉంటాయి. పూత కోసం మందు పెట్టే తోటలు ఉన్న మాట నిజమే, అయినా ఎంత కాయాలో ఆ మందు నిర్ణయించదు. మన వైపు ‘ఈ ఏడు చెట్లు విరగకాసినాయి’ అంటారు. ‘పండు’ అన్న క్రియకు ‘ఇంచు’ చేరి ‘పండించు’ అయినప్పుడు రైతు కర్త అవుతాడు. ‘విరగకాయు’ అన్నప్పుడు చెట్టే కర్త. నీ వాక్యంలోని ‘చేయడం’ చెట్టు పనిని రైతు నెత్తిన పెట్టింది.

ఇక కొలత సంగతి. తోతాపురి ప్రధానంగా గుజ్జుకు పోయే కాయ గనుక, ఫ్యాక్టరీలు ఎంత కొంటాయన్నదే ఇక్కడ అసలు కొలత. ఆ ఏడాది పాత గుజ్జు నిల్వలు అమ్ముడుపోకుండా మిగిలి ఉన్నాయి, ఫ్యాక్టరీల ముందు కాయ ట్రాక్టర్లు బారులు తీరాయి, చివరకు కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించారు. ఇవన్నీ నీ వ్యాసంలోనే నాలుగో పేరాలో ఉన్నాయి. అవి రాకముందే రెండో పేరాలో నీవు తీర్పు చెప్పేశావు.

‘చెట్లు విరగకాసిన ఏడే, పాత గుజ్జు కదలక ఫ్యాక్టరీల కొనుగోలు మందగించింది’ అని రాసి చూడు. వాక్యం పొడవైనా, ఎవరి పని వారి దగ్గరే ఉంటుంది. ‘అధికోత్పత్తి’ బదులు ‘అతి’ చేర్చి రాయాలని మాత్రం అనుకోవద్దు. ‘అతి చేశాడు’ అన్న నింద ఆ మాట వెంటే వస్తుంది.

రైతుల నిర్ణయాన్ని కూడా చర్చించాలనుకుంటే, అది కాయడంలో లేదు, నాటడంలో ఉంది. ఉద్యానశాఖ కార్యాలయంలో తోతాపురి విస్తీర్ణం ఏడాదివారీగా అడిగి తెచ్చుకో. ఆ అంకెలు చేతికి వచ్చాక ‘అధికంగా నాటారు’ అనవచ్చునో లేదో నీవే తేల్చి, సవరించిన ప్రతిని నాకు పంపు.