నదులకూ సముద్రాలకూ అన్నిటికంటే పెద్ద ముప్పు ప్లాస్టికేనా?

మంచినీటికీ సముద్రాలకూ ఉన్న ముప్పుల్లో అన్నిటికంటే పెద్దది ప్లాస్టికేనా అని అడిగారు. ప్లాస్టిక్ పెద్ద సమస్యే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ కొన్నేళ్లు నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసిన అనుభవంతో, నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోవడం గురించే ముందు చెబుతాను. ఆక్సిజన్ లేని నీళ్లు పైకి మామూలు నీళ్లలాగే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

సరస్సుల్లో వేర్వేరు లోతుల నుంచి శాంపిల్స్ తీసి, కరిగి ఉన్న ఆక్సిజన్ ఎంతో చూడడం నా పని. మీటర్లు ఉన్నా, వాటిని సరిచూసుకోవడానికి వింక్లర్ పద్ధతి వాడేవాళ్లం. సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, మాంగనీస్ సల్ఫేట్, తర్వాత క్షారం కలిపిన అయొడైడ్ ద్రావణం వేసి, మూత బిగించి బాగా తిరగేయాలి. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి ఏర్పడి మెల్లగా కిందికి దిగుతుంది. లేకపోతే ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. ఎండాకాలం చివర్లో ఒకే సరస్సు నుంచి తీసిన రెండు సీసాలు పక్కపక్కన పెడితే, పైనీళ్లది ముదురు గోధుమ రంగు, అడుగు నీళ్లది తెలుపు. అడుగు నీటిని సీసాలోకి వదులుతుంటేనే కుళ్లిన గుడ్ల వాసన. పడవలోంచి చూసేవాళ్లకు మాత్రం ఆ సరస్సు చక్కగానే కనిపిస్తుంది.

దీనికి మూలం ఎక్కువగా నేల మీదే ఉంటుంది. పొలాల్లో వేసిన నత్రజని, భాస్వరం ఎరువుల్లో పంట తీసుకోగా మిగిలింది వానకు కొట్టుకొస్తుంది. శుద్ధి చేయని మురుగునీరు దానికి తోడవుతుంది. ఈ పోషకాలతో నాచు విపరీతంగా పెరిగి, చచ్చి అడుగుకు చేరుతుంది. దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా అక్కడున్న ఆక్సిజన్ అంతా వాడేసుకుంటుంది. ఎండాకాలంలో పైన వెచ్చటి తేలిక నీరు, కింద చల్లటి బరువు నీరు ఒకదాంతో ఒకటి కలవవు, పైనుంచి కొత్త ఆక్సిజన్ దిగదు. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఆక్సిజన్ పోయాక, అడుగు బురదలో ఇనుముతో కలిసి ఉన్న భాస్వరం విడిపోయి మళ్లీ నీళ్లలోకి వచ్చేస్తుంది. అందుకే ఎరువులు రావడం ఆగిన మర్నాడే సరస్సు బాగుపడదు, ఏళ్లు పడుతుంది.

అమెరికా, కెనడా సరిహద్దులో ఉన్న ఈరీ సరస్సు సంగతే చూడండి. 1972లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుని మురుగు శుద్ధి పెంచాయి, డిటర్జెంట్లలో భాస్వరం తగ్గించాయి. సరస్సు కోలుకుంది. తర్వాత పొలాల నుంచి వచ్చే భాస్వరంతో మళ్లీ పాడైంది. 2014 ఆగస్టులో నాచు విషం కుళాయి నీళ్లలోకి చేరడంతో ఆ సరస్సు ఒడ్డున ఉన్న అమెరికా నగరం టొలీడో ప్రాంతంలో 4 లక్షల మందికి పైగా తాగునీళ్లు లేకుండా పోయాయి. ఆ విషం మరిగించినా పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. నది మోసుకెళ్లినదంతా చివరికి సముద్రంలోనే పడుతుంది. అమెరికాలోని మిసిసిపీ నది సముద్రంలో కలిసే చోట, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, ఏటా వేసవిలో డెడ్ జోన్ ఏర్పడుతుంది. అంటే అడుగు నీళ్లలో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తక్కువ. 2017లో అది సుమారు 22,700 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంది. చేపలు ఈదుకుంటూ తప్పించుకోవచ్చు, అడుగున అంటిపెట్టుకుని బతికే ఆల్చిప్పలు ఎక్కడికి పోతాయి? మంచినీటి సమస్య వేరు, సముద్రం సమస్య వేరు అని విడదీసి మాట్లాడితే నాకు బాధేస్తుంది అందుకే.

వేడి దీన్ని ఇంకా ముదురుస్తోంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నర మాత్రమే. భూమి మీద పోగవుతున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాల్లోకే పోతోంది. 1960ల నుంచి సముద్రాల్లో ఆక్సిజన్ దాదాపు 2 శాతం తగ్గింది. కార్బన్ డయాక్సైడ్ కరిగి ఆమ్లత పెరగడం, పగడపు దిబ్బలు తెల్లబడిపోవడం కూడా ఉన్నాయి, వాటి గురించి విడిగా రాయాలి. నీటి వాడకం సంగతీ అంతే. మనం తోడే మంచినీటిలో దాదాపు 70 శాతం సాగుకే పోతుంది. నదిలో నీళ్లు తగ్గే కొద్దీ అదే మురుగు మరింత చిక్కబడుతుంది.

నాకు ధైర్యం ఇచ్చేది నల్ల సముద్రం. దాని వాయవ్య తీరంలో 1970, 80ల్లో పెద్ద డెడ్ జోన్ ఉండేది. సోవియట్ యూనియన్ కూలిపోయాక ఎరువుల వాడకం ఒక్కసారిగా పడిపోయింది, 1990ల్లో ఆ డెడ్ జోన్ బాగా తగ్గిపోయింది. ఎవరో ప్లాన్ వేసి చేసింది కాదు, అయినా సముద్రం స్పందించింది. మట్టి పరీక్ష చేసి కావాల్సినంతే ఎరువు వేయడం, ఒడ్డు వెంట గడ్డి, చెట్లు ఉంచడం, మురుగులోంచి భాస్వరం తీసేయడం అందరికీ తెలిసిన పనులే.

మీకు దగ్గర్లో సరస్సో నదో ఉంటే, మధ్యాహ్నం పైనుంచి తీసిన ఒక్క రీడింగ్ చూపించి నీళ్లు బాగున్నాయంటే ఒప్పుకోకండి. ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి ఆ వేళ అంకె బాగానే వస్తుంది. రాత్రంతా అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున, అడుగు నుంచి తీసిన రీడింగ్ ఎంతో అడగండి. అది లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే తక్కువగా ఉంటే చాలా చేపలకు అప్పటికే ఇబ్బంది మొదలైనట్టే.