స్క్రీన్లు బాగున్నాయి, ఆ ఆప్షన్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాను. యూఎక్స్ డిజైన్ (యాప్‌లు వాడేవారికి తేలిగ్గా ఉండేలా తీర్చిదిద్దడం) వైపు వెళ్లాలని, స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా నేర్చుకుని, మూడు యాప్‌ల స్క్రీన్లతో పోర్ట్‌ఫోలియో చేసుకున్నాను. రెండు ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూల్లోనూ ‘ఈ ఫీచర్ ఇక్కడుందని యూజర్‌కి ఎలా తెలుస్తుంది?’ అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. ఏం నేర్చుకోవాలి? హైదరాబాద్‌లో 80 వేల రూపాయల కోర్సు ఒకటి ఉంది, చేరమంటారా?
– ఓ విద్యార్థి, కాకినాడ

జవాబు: వాళ్లు అడిగింది ఈ ఉద్యోగానికి అసలైన ప్రశ్న. దానికి జవాబు ఫిగ్మాలో దొరకదు. ఏదో పని చేసుకుందామని యాప్ తెరిచిన మనిషి మొదట ఎక్కడ నొక్కారో, దొరక్కపోతే ఆ తర్వాత ఎక్కడ వెతికారో మీరు కళ్లారా చూసి రాసుకున్న లెక్క ఉండాలి. మీ మూడు ప్రాజెక్టులు పక్కనపెట్టి, అలాంటి లెక్క ఉన్న ఒక్క ప్రాజెక్టు చేయండి.

ముందు కొంత పునాది. జనం ఎక్కువ సమయం గడిపేది వేరేవాళ్ల సైట్లు, యాప్‌లలో; కాబట్టి మీదీ వాటిలాగే పనిచేయాలని అనుకుంటారు. యూజబిలిటీ (వాడకంలో సౌలభ్యం) నిపుణుడు జాకబ్ నీల్సన్ చెప్పిన సూత్రం ఇది. రోజూ వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే వాడేవారి వేళ్లకు కొన్ని అలవాట్లు పడిపోయి ఉంటాయి. ముఖ్యమైనవన్నీ కింది పట్టీలో ఉంటాయనీ, భూతద్దం బొమ్మ నొక్కితే వెతకొచ్చనీ, బ్యాక్ నొక్కితే ఇంతకుముందు చూసిన చోటికే వెళ్తామనీ వారి నమ్మకం. ఒక ట్యాబ్‌లో సగం దాకా చదివి, ఇంకో ట్యాబ్‌కి వెళ్లి వస్తే మళ్లీ మొదటికి తీసుకెళ్లే యాప్‌లు ఈ నమ్మకాన్నే దెబ్బతీస్తాయి.

గూగుల్ డిజైన్ నియమావళి మెటీరియల్ డిజైన్ ప్రకారం కింది పట్టీలో 3 నుంచి 5 ట్యాబ్‌లు ఉండాలి. నొక్కే చోటు కనీసం 48 x 48 డీపీ (ఆండ్రాయిడ్ స్క్రీన్ కొలత). యాపిల్ చెప్పేది 44 x 44 పాయింట్లు. ఇవి కంఠతా ఉండాల్సిందే, కానీ కారణాలు తెలిసుంటేనే ఇంటర్వ్యూలో నిలబడతారు. ఉదాహరణకు, ఎడమ అంచు నుంచి లాగితే తెరుచుకునే మెనూ ఇప్పుడెందుకు ఇబ్బంది? 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, బటన్లకు బదులు సైగలతో ఫోన్ వాడేవారికి అంచు మీద లాగడమంటే బ్యాక్ వెళ్లడం. మెనూ కోసం లాగిన యూజర్ యాప్‌లోంచే బయటపడొచ్చు. మూడు గీతల మెనూ బొమ్మ వెనక దాచిన ఫీచర్లకు ఇంకో కష్టం ఉంది. కంటికి కనిపించనిదాన్ని చాలామంది అసలు లేదనే అనుకుంటారు.

ఇక ప్రాజెక్టు. యూపీఐ యాప్‌లో ఆటోపే ఆపడం తీసుకోండి. ఓటీటీకో మరోదానికో ప్రతి నెలా డబ్బు కట్ అవుతుంటే, దాన్ని ఆపే చోటు చాలా యాప్‌లలో ప్రొఫైల్ లోపల ఉంటుంది. యూజర్లలో కొందరు హిస్టరీలో ఆ చెల్లింపు మీద నొక్కి చూస్తారు, కొందరు బ్యాంకు ఖాతా వివరాల్లో వెతుకుతారు. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో మీ పరీక్షే చెప్పాలి. ఈ అంశానికి ఇప్పుడు చట్టపరమైన బరువు కూడా ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాలు 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను (యూజర్లను తప్పుదారి పట్టించే డిజైన్ ఎత్తుగడలను) పేర్కొన్నాయి; సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకునే చోటును దాచిపెట్టడం అందులో ఒకటి.

మొదట అసలు యాప్‌లోని మెనూలనే స్క్రీన్ల వారీగా ఫిగ్మాలో నొక్కగలిగే ప్రొటోటైప్‌గా (నమూనాగా) కట్టండి. ఎవరి నిజమైన ఖాతాతోనూ, పిన్‌తోనూ పరీక్ష పెట్టొద్దు. ఐదుగురిని కూర్చోబెట్టండి. అందరూ మీ క్లాస్‌మేట్లే అయితే ప్రయోజనం లేదు. కిరాణా కొట్టు నడిపేవారు, టీచరు, యాభై దాటిన గృహిణి లాంటివారు ఉండాలి.

పని చెప్పే తీరులోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. ‘ఆటోపే క్యాన్సిల్ చేయండి’ అన్నారంటే జవాబు మీరే చెప్పేసినట్టు, వాళ్లు ఆ మాట కోసం స్క్రీనంతా గాలిస్తారు. ‘ప్రతి నెలా మీ ఖాతా నుంచి 149 రూపాయలు పోతున్నాయి. వచ్చే నెల నుంచి పోకుండా చూసుకోండి’ అనాలి. మెనూలో ఉన్న మాట మీ నోట రాకూడదు. తర్వాత మీరు మాట్లాడొద్దు. ‘ఇక్కడ నొక్కాలా బాబూ?’ అని అడిగితే ‘మీ ఇంట్లో ఒక్కరే ఉంటే ఏం చేసేవారో అదే చేయండి’ అనండి. మూడు నిమిషాలు దాటితే ఆపేసి, మొదటి నొక్కు, నడిచిన దారి, ఎన్నిసార్లు వెనక్కి వచ్చారు, పట్టిన సమయం, పని అయిందా లేదా రాసుకోండి. వీటిలో మొదటి నొక్కుకు విలువ ఎక్కువ. బాబ్ బెయిలీ, కారీ వోల్ఫ్‌సన్‌ల పరిశీలనలో మొదటి క్లిక్ సరైన చోట పడినప్పుడు 87 శాతం పనులు పూర్తయ్యాయి, తప్పు చోట పడినప్పుడు 46 శాతమే.

తర్వాత కార్డ్ సార్టింగ్. యాప్ చేసే పనులను 30, 40 చీటీల మీద రాసి, ఒక పదిహేనుమంది చేత వాళ్లకు తోచినట్టు కట్టలు కట్టించి, ఒక్కో కట్టకు పేరు పెట్టించండి. వాళ్లు పెట్టిన పేర్లే మీ మెనూ పేర్లకు ముడిసరుకు. ఆ మెనూని రంగులు, బొమ్మలు లేకుండా ఉత్త మాటలతో పరీక్షించడం ట్రీ టెస్టింగ్. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు: పై వరుస పేర్లు ఒక అట్ట మీద చూపి, వేలు పెట్టిన పేరుకు తగిన రెండో అట్ట అందిస్తే సరిపోతుంది. ఇక్కడే ఓడిపోయే మెనూని ఎంత మంచి ఐకానూ కాపాడలేదు. దాన్ని సరిచేశాకే కొత్త ప్రొటోటైప్ కట్టి, మరో ఐదుగురికి మొదటి పనే ఇవ్వండి.

తెలుగు యూజర్ల కోసం చేస్తున్నామంటే ఇంకో రెండు విషయాలు చూడాలి. ఒకటి, యాప్‌లోని సెర్చ్. మనవాళ్లు ‘కరెంటు బిల్లు’ అంటారు, దాన్నే ఇంగ్లిష్ అక్షరాల్లో రకరకాల స్పెల్లింగులతో కొడతారు, మైకు నొక్కి చెప్తారు. యాప్‌లో ‘ఎలక్ట్రిసిటీ’ అని మాత్రమే ఉంటే ఫలితం సున్నా. పరీక్షలో జనం వాడిన మాటలన్నీ రాసిపెట్టుకుని సెర్చ్‌కి పర్యాయపదాల పట్టిక తయారుచేయండి. సీఎస్‌ఈ చదివారు కాబట్టి దాన్ని కోడ్‌లో కూడా చేసి చూపించొచ్చు. మిగతా అభ్యర్థుల కంటే మీకున్న బలం అదే. రెండోది స్థలం. 360 డీపీ వెడల్పున్న ఫోన్‌లో ఐదు ట్యాబ్‌లు పెడితే ఒక్కోదానికి 72 డీపీ వస్తుంది. ‘లావాదేవీలు’ లాంటి మాట అందులో ఇరుకుగా పడుతుంది, ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకున్నవారికి చుక్కలై మిగులుతుంది. ఆండ్రాయిడ్ 14లో ఆ సైజు 200 శాతం దాకా వెళ్తుంది. లైన్ ఎత్తు ఇంగ్లిష్‌కి సరిపడా ఇస్తే వత్తులు తెగిపోతాయి.

ఇదంతా కాలేజీ చూసుకుంటూ ఆరు వారాల్లో అవుతుంది. పోర్ట్‌ఫోలియోలో రాసేటప్పుడు ‘ఐదుగురిలో నలుగురు మొదట హిస్టరీ నొక్కారు’ అనే రాయండి, ‘80 శాతం’ అని రాయొద్దు. అంత తక్కువమందికి శాతాలు కడితే పరిశోధన తెలిసిన ఇంటర్వ్యూయర్ అక్కడే పట్టుకుంటారు. కొలవకుండా ‘ఎంగేజ్‌మెంట్ పెరిగింది’ అని రాయడం అంతకంటే ప్రమాదం. మీ మార్పు తర్వాత కూడా తడబడినవారు ఉంటే వారి గురించీ రాయండి. ‘ఉన్న ఫీచర్‌ని వేరే చోటికి మారిస్తే పాత యూజర్ల సంగతేంటి?’ అని తప్పకుండా అడుగుతారు. పాత చోట కొన్నాళ్లు దారి చూపే లింక్ ఉంచడం, విడుదల కొద్దిమందితో మొదలుపెట్టడం గురించి ఆలోచించి వెళ్లండి.

చదువు విషయానికొస్తే, ఎండెస్ (మాస్టర్ ఆఫ్ డిజైన్) కోసం సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ఐఐటీ బాంబే నిర్వహించే ఈ పరీక్ష ఏటా జనవరిలో ఉంటుంది; ఆఖరి ఏడాది విద్యార్థులూ అర్హులే కనుక మీరు నాలుగో ఏడాదిలో రాయాలి. స్కోరు ఒక ఏడాదే చెల్లుతుంది. పార్ట్ బి‌లో చేత్తో బొమ్మలు గీయాలి, ఆ సాధన ఇప్పుడే మొదలుపెట్టండి. హైదరాబాద్, బాంబే, గువాహటి ఐఐటీల్లోనూ, బెంగళూరు ఐఐఎస్‌సీలోనూ ఈ స్కోరుతో ప్రవేశాలుంటాయి. ఫ్రెషర్లకు డిజైన్ ఉద్యోగాలు కోడింగ్ ఉద్యోగాలంత విరివిగా ఉండవు, కాబట్టి కోడింగ్‌ని వదలొద్దు.

80 వేల కోర్సు గురించి ఇప్పుడే నిర్ణయించుకోవద్దు. ఈ ప్రాజెక్టు పూర్తయ్యాక ఆ సంస్థకు వెళ్లి, సిలబస్‌లో కార్డ్ సార్టింగ్, ట్రీ టెస్టింగ్ ఉన్నాయా, బయటి మనుషులతో పరీక్షలు ఎన్ని చేయిస్తారు అని అడగండి. పాత విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు రెండు మూడు చూపించమనండి. వాటిలో స్క్రీన్లు తప్ప ఇంకేం లేకపోతే ఆ డబ్బు కట్టొద్దు.