సెల్ఫ్ కొట్టే ముందు

చిట్టితల్లీ,

కారు బ్యాటరీ తీసేసి, కరెంటుని క్షణాల్లో నింపుకుని క్షణాల్లో వదిలే సూపర్ కెపాసిటర్లు పెడుతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంతో మీ అత్తయ్యకి రెండుసార్లు చెప్పాను. ఆ తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు.

విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖరున. గాజులు, ఉంగరం, వాచీ తీసెయ్. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఒట్టి కెపాసిటర్లతో సరిపెట్టుకోకు. సెల్ఫ్ కొట్టడం రెండు సెకన్ల పని, దానికి అవి చాలు. కానీ 500 ఫారడ్ల సామర్థ్యం ఉన్నవి ఆరు ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపితే చేతికొచ్చేది 83 ఫారడ్లే. ఆగి ఉన్న కారు కూడా అలారానికీ, గడియారానికీ 30 మిల్లీ ఆంపియర్లు లాగుతూ ఉందనుకో, 14 వోల్టులు 11కి దిగడానికి రెండుంబావు గంటలు చాలు. అందుకని పక్కన లిథియం ప్యాక్ ఉండాలి. ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ నాలుగు వరసగా పెట్టు. అవి నిండేది 14.6 దగ్గర, ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇచ్చే 14.4కి ఇబ్బంది లేదు. పాత ల్యాప్‌టాప్ సెల్స్ మూడు కలిపి పెడదామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. అవి 12.6కే నిండిపోతాయి, ఆపైన ఎక్కిస్తే అంటుకుంటాయి. గడ్డకట్టే చలిలో లిథియంకి చార్జింగ్ పెట్టకు. ఇంజన్ వేడికి దూరంగా బిగించు.

ఇక నేను అసలు రాయాలనుకున్నది ఇది. నువ్వు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నేనూ ఈ పనే చేశాను. కొత్త కెపాసిటర్లు ఐదే దొరికాయి. ఆరోది పాత సామానులోంచి పీకి కలిపాను. దాని మీద కూడా అదే అంకె, 2.7 వోల్టులని రాసి ఉంది కదా అని ధైర్యం. ఆరు కలిపితే 16 దాకా ఓర్చుకోవాలి. మీటర్ పెడితే 14.2 చూపించింది. మురిసిపోయాను.

మూడో రోజు బానెట్ ఎత్తి చూపిస్తుంటే మీ అత్తయ్య, "ఇదొక్కటి పైన ఉబ్బినట్టుందేం?" అంది. మొత్తం వోల్టేజీ సరిగ్గా ఉంది, నీకు తెలీదులే అన్నాను. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటోంది. ఇంజన్ నడుస్తూనే ఉంది. తను ఇంకాస్త వంగి చూసింది. బుస్సుమని పగిలింది. లోపలి ద్రావకం తన కళ్లజోడు మీద చిమ్మింది. ఆ జోడు లేకపోతే ఏమయ్యేదో నేను ఈనాటికీ ఊహించుకోలేను. చాలా కెపాసిటర్లలో ఉండేది అసిటోనైట్రైల్. అది మండుతుంది, పీల్చినా విషమే. ఆ ఘాటు ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

పాతదాని సత్తువ అరవై శాతానికి పడిపోయి ఉంటుందని తర్వాత లెక్క వేసుకున్నాను. ఆరు బిందెల్లోకి ఒకే ధార పడుతుంటే చిన్న బిందె ముందు పొర్లుతుంది. మిగతా ఐదూ 2.1 దగ్గర హాయిగా ఉంటే, అదొక్కటీ మూడున్నర దాటి ఉడికిపోయింది. మీటర్ అబద్ధం చెప్పలేదు. నేనే దాన్ని అడగాల్సిన చోట అడగలేదు.

అన్నిటి వోల్టేజీ సమానంగా ఉంచే బ్యాలెన్సింగ్ బోర్డు ఉంది కదా మావయ్యా అంటావు. పెట్టు, తప్పకుండా పెట్టు. కానీ ఆ బోర్డు పక్కకి మళ్లించేది సాధారణంగా వందల మిల్లీ ఆంపియర్లే. ఆల్టర్నేటర్ తోసేది పదుల ఆంపియర్లు. ఆరూ ఒకేసారి, ఒకే రకానివి కొను. డబ్బు తక్కువైతే నన్నడుగు, మొహమాటపడితే ఊరుకోను. ఖాళీ కెపాసిటర్లని నేరుగా లిథియం ప్యాక్‌కి తగిలించకు, మధ్యలో హెడ్‌లైట్ బల్బు వరసగా పెట్టి నింపు. బల్బు వెలుగు తగ్గుతూ ఆరిపోయేదాకా ఆగు.

వంగి చూడకు తల్లీ. కళ్లద్దాలు పెట్టుకుని, పక్కగా నిలబడి కొలువు. ఒక్కోదాని వోల్టేజీ విడివిడిగా కాగితం మీద రాసుకుని నాకు ఫోన్ చెయ్. అర్ధరాత్రయినా ఫర్వాలేదు. ఆ ఆరు అంకెలూ మీ అత్తయ్యకి చదివి వినిపించు, తను సరే అన్నాకే సెల్ఫ్ కొట్టు.

మీ మావయ్య