టర్బో బండికి రీమ్యాప్ చేయించే ముందు

చిరంజీవి అల్లుడికి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కొత్త బండికి ఏదో రీమ్యాప్ చేయిస్తానంటున్నాడు, పికప్ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుందని షాపులో చెప్పారంట, నిజమేనారా అని అడిగింది. నీకు ఫోన్‌లో చెబితే సగం విని "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

రీమ్యాప్ అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో ఉన్న లెక్కలు మార్చడం. షాపువాళ్లు చెప్పేది పూర్తిగా అబద్ధమైతే నాకు పని సులువయ్యేది. అందులో పావు వంతు నిజం ఉంది.

టర్బో సంగతి నీకు తెలిసిందే. ఇంజన్ వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్లోకి తోస్తుంది. గాలి ఎంత ఎక్కువ పోతే కంప్యూటర్ అంత పెట్రోల్ కలుపుతుంది. నిదానంగా పోయేటప్పుడు బరువు లెక్కన 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్. నువ్వు గట్టిగా తొక్కి బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, నిండుగా ఉన్నప్పుడు మాత్రం 12 పాళ్ల గాలికే ఒక పాలు పోయడం మామూలు. ఆ అదనపు పెట్రోల్ బండిని లాగదు. లోపలి వేడి తగ్గించి, ఇంజన్ నాక్ కొట్టకుండా (అంటే పెట్రోల్ వేళకాని వేళ తనంతట తానే అంటుకుని టకటకలాడకుండా), టర్బో మాడిపోకుండా చూస్తుంది. అంటే పెట్రోల్ డబ్బుతో నీళ్ల పని చేయిస్తున్నట్టు.

స్టేజ్ వన్, అంటే మొదటి మెట్టు రీమ్యాప్‌లో చేసేది ముఖ్యంగా ఆ బూస్ట్ ఇంకొంచెం పెంచడమే. చంద్రగిరి దాటినాక 70లో నిదానంగా పోతున్నావనుకో, అక్కడ టర్బోకి పెద్ద పనే ఉండదు, రీమ్యాప్ ఉన్నా లేకున్నా ఖర్చు దాదాపు ఒకటే. కింది ఆర్పీఎంలో టార్క్, అంటే లాగే బలం, పెరుగుతుంది కాబట్టి పై గేరు కొంచెం ముందే వేయొచ్చు, దానివల్ల కాస్త కలిసొస్తుంది. షాపువాళ్లు చెప్పే మైలేజీ ఇదే. కానీ అంత డబ్బు పోసి పికప్ కొనుక్కున్నవాడు 70లో పోతాడా? నువ్వైతే పోవు. ఓవర్‌టేక్ చేసిన ప్రతిసారీ ఆ 12 పాళ్ల లెక్కలోకే దిగుతావు.

నా సంగతే చెబుతా, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా పాత డీజిల్ బండికి ఒకచోట ట్యూనింగ్ బాక్స్ పెట్టించుకున్నా. మీటర్ మీద మైలేజీ 18 నుంచి 21కి ఎగబాకింది. నెల రోజులు కనబడినవాళ్లందరికీ చెప్పుకు తిరిగా. తర్వాత బంకు బిల్లులు కలిపి చూస్తే 17 కూడా రావడం లేదు. ఆ డబ్బా చేసే పనేందంటే, డీజిల్ పైపులో ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువ ఉన్నట్టు కంప్యూటర్‌కి చూపిస్తుంది. కంప్యూటర్ నమ్మి ఒత్తిడి పెంచుతుంది, ఇంజెక్టర్ తెరుచుకున్న ప్రతిసారీ డీజిల్ ఎక్కువ పడుతుంది. మీటర్ మాత్రం ఆ పాత తక్కువ ఒత్తిడితోనే లెక్క కడుతుంది. మోసపోయిన కంప్యూటర్‌నే సాక్ష్యానికి పిలిచి నేను సంబరపడ్డా. డబ్బా పీకి అటక మీద పడేశా, ఇప్పటికీ అక్కడే ఉంది.

టైర్ల సంగతీ అంతే, ఈసారి తప్పు ఇంకోవైపు. 195/55 ఆర్16 తీసి 205/60 ఆర్16 వేస్తే చక్రం చుట్టుకొలత 5 శాతం పెరుగుతుంది. బండి 105 కిలోమీటర్లు పోతే మీటర్ 100 అని చూపిస్తుంది. అప్పుడు బండి నిజంగా 16 ఇస్తున్నా నీ లెక్కకు 15.2 వస్తుంది, అనవసరంగా ఇంజన్‌ని అనుమానిస్తావు. వెడల్పు టైరు, బరువైన అల్లాయ్ చక్రం నిజంగా తినే మైలేజీ దీనికి వేరు.

కాబట్టి మీటర్ మీద అంకెలు చూడొద్దు. ఏం మార్చకముందే చిత్తూరులో ఒకే బంకు, ఒకే గన్ను, ఆటో కట్ పడేదాకా ట్యాంక్ ఫుల్ చెయ్యి. తిరుపతికి వచ్చి, తిరిగి అక్కడికే పోయి, మళ్లీ ఆటో కట్ దాకా పోయించు. పోనూ రానూ 140 కిలోమీటర్ల చిల్లర. అట్లా మూడుసార్లు చేసి నోటుబుక్కులో రాసుకో. ఒక్కసారి చేస్తే నమ్మలేం, గన్ను ఒక అరలీటరు ముందు కట్ అయినా లెక్క తారుమారవుతుంది. ఏసీ, వేగం, మనుషులు అన్నిసార్లూ ఒకేలా ఉండాలి. 80లో పోయిన రోజుకీ 110లో పోయిన రోజుకీ పోలిక పెట్టొద్దు, 110లో గాలి అడ్డం దాదాపు రెండింతలు.

తిరుమల ట్రిప్పు కూడా ఈ లెక్కలో కలపొద్దు. నలుగురితో కలిపి 1,400 కిలోల బండిని దాదాపు 700 మీటర్ల ఎత్తుకి మోయాలంటే, ఇంజన్ ఎంత బాగున్నా ఆ ఎత్తు ఎక్కించడానికే లీటరు దాకా పోతుంది. చిప్పు మార్చినా, సైలెన్సర్ మార్చినా ఆ లీటరు మిగలదు, స్వామికి మొక్కినా మిగలదు. దిగేటప్పుడు మాత్రం కొంత చేతిలో ఉంటుంది. గేర్లోనే ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి. న్యూట్రల్లో దింపితే ఐడిలింగ్‌కి పెట్రోలూ పోతుంది, బ్రేకులూ కాలతాయి.

మిగతా సామాన్ల గురించి గబగబా చెప్పేస్తా. గాలి సులువుగా పోనిచ్చే ఫ్రీ ఫ్లో ఎయిర్ ఫిల్టర్‌తో మైలేజీ రాదు. నిదానంగా పోయేటప్పుడు గాలిని ఆపి ఉంచేది యాక్సిలరేటర్‌తో పాటు తెరుచుకుని మూసుకునే థ్రాటిల్ రేకు, ఫిల్టర్ కాదు. 2009లో అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలవాళ్లు ఫిల్టర్ని కావాలనే మూసి చూశారు, ఇంజెక్షన్ బండ్లలో మైలేజీ దాదాపు మారలేదు, పికప్ తగ్గింది. గేరు మార్చినప్పుడల్లా "ఫుస్స్" మనే బ్లో ఆఫ్ వాల్వు అసలొద్దు. లోపలికి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో, కొలిచి లోపలికి పంపిన గాలిని అది బయటికి వదిలేస్తుంది. లేని గాలికి కంప్యూటర్ పెట్రోల్ పోస్తుంది. శబ్దానికి ఇంత ఖర్చా?

టర్బో నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెద్దది వేయడం ఒక్కటి మన ఊళ్లకు అర్థం ఉన్న పని. మే నెలలో రేణిగుంట రోడ్డులో ఎండకు గాలి ఎంత వేడెక్కుతుందో నీకు చెప్పాలా. గాలి వేడిగా ఉంటే నాక్ వస్తుందని కంప్యూటర్ స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది, అదే పెట్రోల్‌కి తక్కువ పని జరుగుతుంది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ డబ్బా తీసేసిన డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం) మాత్రం నా షెడ్డులో ఎవరికీ బిగించలేదు, నీకూ బిగించను. 2019లో మార్చిన చట్టం ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. వారంటీ సంగతి సరేసరి.

ఎండాకాలం వచ్చిందంటే మనవాళ్లు చేసే ఇంకో ఘనకార్యం ఉంది, ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వు పీకేయడం. ఇంజన్ చల్లగా ఉంటుందంట! చల్లగానే ఉంటుంది, ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఎవరైనా పీకుతామంటే చెయ్యి పట్టుకుని ఆపు.

ఇంత చెప్పినా రీమ్యాప్ చేయిస్తావని నాకు తెలుసు. నీ వయసులో నేనూ ఆగలేదు. పికప్ కోసమని ఒప్పుకుని చేయించుకో, మైలేజీ అని మీ అమ్మకు చెప్పొద్దు. తర్వాత ఒక్కటి మర్చిపోకు. భాకరాపేట ఘాట్‌లో టార్క్ ఉంది కదా అని ఐదో గేర్లో 1,500 ఆర్పీఎం దగ్గర నేలకు తొక్కి పట్టొద్దు. నీలాంటి చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలో స్పార్క్ పడకముందే మంట అంటుకునేది అక్కడే, పిస్టన్ పగలొచ్చు. గేరు దించు. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉందా లేదా చూసి పోయించు, ఆ ముందస్తు మంటను తగ్గించే ఆయిల్‌కి వేసే గుర్తు అది. ఇరవై శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్‌లో శక్తి ఆరేడు శాతం తక్కువ, ఆ తగ్గుదలను రీమ్యాప్ మీద వేయొద్దు.

అన్నట్టు, మొన్న మీ ఇంటి ముందు నుంచి నువ్వు బండి తీసేటప్పుడు, రెండో గేర్లో తొక్కగానే సన్నగా ఈల లాంటి శబ్దం వచ్చింది. అది టర్బో పాట కాదురా, ఇంటర్‌కూలర్ హోస్ క్లిప్పు వదులై గాలి పోతున్నట్టుంది. ముందు ఈ ఆదివారం షెడ్డుకి తీసుకురా, అది బిగించి, టైర్లలో గాలి చూసి, ఆ తర్వాత మొదటి ట్యాంక్ లెక్క మొదలుపెడదాం. నోటుబుక్కు నేనే కొనిపెట్టా.

మీ మామ